అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు తెరిస్తే పిచ్చి అక్షరాలు: ఏం చేయాలి?

ప్రశ్న: నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రాజమండ్రిలో ఉంటాం. బడిపిల్లల కోసం రాసిన నాటికలు, మా నాన్నగారి హరికథలు 2006 నుంచి ఇంట్లోనే అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో టైపు చేసి దాచుకున్నాను. కొన్ని వర్డ్‌లో, కొన్ని పుస్తకాల పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. మొత్తం 600 పేజీల దాకా ఉంటాయి. పాత కంప్యూటర్ మూలపడింది. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, మా అబ్బాయి కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచాను. తెలుగు ముక్క ఒక్కటీ లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కొమ్ములు, చుక్కలు. మా అక్క కొడుకు ఫాంట్ మార్చి గౌతమి పెట్టి చూశాడు, ఏమీ మారలేదు. వైరస్ అయ్యుంటుందన్నాడు. పేజ్‌మేకర్ ఫైళ్లు అసలు తెరుచుకోవడమే లేదు. వాడు ఫోన్‌లో టైపు చేసి పంపిన ముందుమాటను పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచాను. అది తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. డీటీపీ షాపువాళ్లు మొదటినుంచీ మళ్లీ టైపు చేయించుకోవాల్సిందే అంటున్నారు. నాన్నగారి శతజయంతికి పుస్తకం వేయాలని ఆశ. దారి చెప్పగలరు.

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. మీరు రాసినదాంట్లో వైరస్ లక్షణం ఒక్కటీ లేదు. 600 పేజీలూ ఆ పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి. మళ్లీ టైపు చేయించాల్సిన పని లేదు. మీ అక్కగారబ్బాయి ముందుమాట ఒక్కటే చేజారింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ ఉత్తరంలాంటివి నాకు తరచూ వస్తుంటాయి. 2000 తర్వాతి పదేళ్లలో ఇంట్లో కూర్చుని తెలుగు టైపు చేసినవాళ్లలో చాలామంది అనులోనో, అలాంటిదే అయిన శ్రీలిపిలోనో చేశారు. ఇప్పుడు కంప్యూటర్ మార్చినప్పుడల్లా ఒక్కొక్కరికీ ఇదే గుండె దడ. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీ ఫైలులో కంప్యూటర్ దాచుకున్నది తెలుగు కాదు. అను ఫాంట్ల కాలంలో ఒక ఫాంటులో పట్టేవి 256 గుర్తులే. మన గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా పెట్టాలంటే ఆ చోటు ఏ మూలకూ చాలదు. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. ఒక్కో ముక్కను ఒక్కో ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టారు. మీరు నాటికలు రాసినవారు కాబట్టి ఇలా చెబుతాను. తెర మీద కనిపించిన సత్యభామ వేషం అను ఫాంటుది, లోపలి నటుడు ఇంగ్లీషు అక్షరం. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదు, వేషం జారిపోయింది. గౌతమి పెట్టినా మారకపోవడానికి కారణం ఇదే. గౌతమి యూనికోడ్ ఫాంటు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ విడివిడి స్థానాలిచ్చే ఉమ్మడి పద్ధతి. దానిలో తెలుగు అక్షరాలు తెలుగుకే కేటాయించిన స్థానాల్లో ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాన్ని చూపిస్తే అది ఇంగ్లీషు అక్షరాన్నే గీస్తుంది.

యూనికోడ్ నిన్నమొన్నటిది కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గడులు ఇచ్చారు. విండోస్‌లోకి మాత్రం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ వెతికి తెచ్చి పెడితే తప్ప ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. ఇక అచ్చుపని అంతా నడిచిన పేజ్‌మేకర్‌కి యూనికోడ్ చివరిదాకా రాలేదు. 2001లో వచ్చిన 7.0తోనే దాని కథ ముగిసింది. ప్రెస్సువాళ్లు అనునే పట్టుకుని ఉన్నారంటే వాళ్ల మొండితనం ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇప్పుడు మీ ఫైళ్లు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ జోలికి వెళ్లేముందు రెండు జాగ్రత్తలు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ తీసి బీరువాలో పెట్టేయండి. పనంతా కాపీ మీదే. రెండోది, ఆ ఫైళ్లను వర్డ్‌లో తెరిచి చూడండి గానీ ఏమీ దిద్దకండి. అనులో ఇంగ్లీషు పెద్ద ఏ ఒక ముక్క, చిన్న ఏ వేరే ముక్క. వర్డ్‌లో ఆటోకరెక్ట్ అని ఒకటుంటుంది, వాక్యం మొదట చిన్నక్షరం కొడితే దాన్ని పెద్దది చేస్తుంది, నిటారు కొటేషన్ గుర్తును వంకర గుర్తుగా మారుస్తుంది. ఇంగ్లీషుకది సేవ. అను ఫైలులో అదే పని చేస్తే ఒక తెలుగు ముక్క తీసేసి ఇంకో ముక్క అతికించినట్టు. ఎర్ర గీతలు చూసి స్పెల్లింగ్ దిద్దబోతే ఇంకా ఘోరం. తప్పనిసరిగా దిద్దాల్సి వస్తే ముందు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి టిక్కులన్నీ తీసేయండి.

పాత సీపీయూ ఇంకా ఇంట్లో ఉందా? ఉంటే పాత సామానువాడికి వేయకండి. మీకు కావలసింది అందులోని ఫాంట్లు. కంప్యూటర్ ఆన్ అయితే సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు, దానిలో ఫాంట్స్ ఫోల్డరు తెరిచి అను ఫాంట్లను కాపీ చేసుకోవాలి. ఆన్ కాకపోతే హార్డ్ డిస్క్ ఒక్కటీ విప్పించండి. దాన్ని యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ కంప్యూటర్ విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. 2006 నాటి డిస్క్ వెడల్పాటి రిబ్బన్ వైరు రకమూ కావచ్చు, సన్న వైరు రకమూ కావచ్చు. రెండింటికీ పనిచేసే అడాప్టర్ అడగండి.

ఆ ఫాంట్ ఫైళ్ల మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొట్టి, వర్డ్ మూసి మళ్లీ తెరవండి. మీ నాటికలు యథాతథంగా కనిపిస్తాయి. టైపు చేయడానికే అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలి, చూడటానికి ఫాంటు చాలు. కనిపించిన వెంటనే చేయాల్సిన పని ఒకటే: ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఫాంటు పీడీఎఫ్ లోపలే ఉండిపోతుంది కాబట్టి అది ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగే కనిపిస్తుంది. తర్వాత ప్రూఫు దిద్దేటప్పుడు ఇదే మీకు మూలప్రతి.

ఫాంట్ల కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా అను పూర్తి ప్యాకేజీ అని దొరికేవాటి జోలికి వెళ్లకండి. తాళం పగలగొట్టి పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఇన్‌స్టాల్ చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఇప్పటిదాకా లేని వైరస్ అప్పుడు వస్తుంది.

ఫాంట్లు దొరక్కపోయినా కన్వర్షన్ ఆగదు. కన్వర్టర్‌కి ఫాంటుతో పనిలేదు, లోపలి కోడ్లు చాలు. అది ఏ కుటుంబం ఫాంటో మాత్రం దానికి తెలియాలి. అర్థంకాని ఆ అక్షరాల మీద కర్సర్ పెట్టి, పైన ఫాంట్ పేరుండే గడి చూడండి. కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా పేరు అక్కడే ఉంటుంది. ప్రియాంక, అనుపమ వంటి పేర్లుంటే అను. శ్రీ, టెల్ అని ఉండి పక్కన నంబరుంటే అది శ్రీలిపి, దానికి కన్వర్టర్ వేరు. అనులోనూ 6కీ 7కీ కోడ్లు తేడా. కన్వర్టర్‌లో వెర్షన్ అడుగుతుంది. తెలియకపోతే ఒక పేరా ఇచ్చి రెండు రకాలుగానూ చూడండి. తప్పు వెర్షన్ ఎంచుకుంటే మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

అను టు యూనికోడ్ కన్వర్టర్ అని వెతికితే ఉచితంగా పనిచేసే పేజీలు దొరుకుతాయి. ఒక గడిలో పాత అక్షరాలు పేస్ట్ చేసి బటన్ నొక్కితే రెండో గడిలో తెలుగు వస్తుంది. నాన్నగారి రచనలు ఎవరి సర్వర్లోకో పోతాయేమోనని సందేహముంటే ఒక పరీక్ష ఉంది. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక వైఫై ఆపేసి, అప్పుడు పేస్ట్ చేసి బటన్ నొక్కండి. తెలుగు వచ్చిందంటే పనంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతోందన్నమాట. మొత్తం పుస్తకం ఒకేసారి వేయకండి, ఒక నాటిక తర్వాత ఒక నాటిక చేయండి. బ్రౌజర్ మొరాయించదు, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడమూ తేలిక.

పేజ్‌మేకర్ ఫైళ్ల పేరు చివర పీఎమ్‌డీ అని ఉంటే 7.0వి, పీ65 అని ఉంటే 6.5వి. పాత కంప్యూటర్ ఆన్ అయితే అందులోనే తెరిచి, టెక్స్ట్ టూల్‌తో వ్యాసం మీద క్లిక్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ద్వారా టెక్స్ట్‌గా తీసుకోవడం అన్నిటికన్నా మేలు. విడివిడి వ్యాసాలు విడివిడిగానే వస్తాయి, ఓపిక పట్టాలి. ఆన్ కాకపోతే లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. దానిలోని డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను చాలావరకు తెరుస్తుంది. పేజీ అమరిక చెదిరిపోతుంది, పోనివ్వండి, మనకు కావలసింది మాటలు. అదీ కుదరకపోతే పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, అడోబీ ఇన్‌డిజైన్ సీఎస్6 గానీ అంతకన్నా పాతది గానీ ఉన్న షాపు వెతకండి. ఆ వెర్షన్ల వరకే పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుంటాయి. కొత్త ఇన్‌డిజైన్ ఉన్నవాళ్లు మా దగ్గర రావడం లేదంటే అది వాళ్ల తప్పు కాదు.

ఫైలు పాడైపోయి అచ్చుప్రతి మాత్రమే మిగిలిన నాటికలుంటే వాటికింకో దారి ఉంది. పేజీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని అచ్చు అక్షరాలను చదివి తెలుగు టెక్స్టుగా ఇస్తుంది. చేతిరాతకు దీన్ని నమ్ముకోవద్దు.

అసలు శ్రమంతా కన్వర్ట్ చేశాక మొదలవుతుంది. అదృష్టం ఏమిటంటే ఈ పనికి మీకన్నా అర్హులు డీటీపీ షాపులో దొరకరు. ఎక్కడెక్కడ తప్పులొస్తాయో ముందే తెలిస్తే కళ్లకు శ్రమ తగ్గుతుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మొదటి దొంగ క్రావడి. అనులో దాన్ని హల్లుకు ముందు కొట్టేవారు, ఎందుకంటే అది ఎడమవైపు నుంచి అక్షరాన్ని చుట్టుకుంటుంది. యూనికోడ్‌లో మనం పలికే వరసే రాసే వరస. ప తర్వాత పొల్లు, తర్వాత ర. కన్వర్టర్ వాటిని అటూ ఇటూ మార్చాలి. మంచి కన్వర్టర్లు మారుస్తాయి, నాసిరకానివి వదిలేస్తాయి. ఇంటర్నెట్‌లో ‘్రపభుత్వం’, ‘్రపజలు’ అని మీరు చూసే ఉంటారు, అవన్నీ అలా వదిలేసినవే. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ‘్రప’ను ‘ప్ర’గా మార్చేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. ఆగండి. ‘చక్రపాణి’లో క కింద క్రావడి, పక్కనే ప ఉన్నాయి. కంప్యూటర్‌కి అదీ ‘్రప’గానే కనిపిస్తుంది. రీప్లేస్ ఆల్ కొట్టారంటే హరికథలో చక్రపాణి కాస్తా ‘చకప్రాణి’ అయి కూర్చుంటాడు. అందుకని వెతికే గడిలో ముందు ఒక ఖాళీ కొట్టి, ఆ తర్వాత ‘్రప’ పెట్టండి. మార్చే గడిలోనూ ముందు ఖాళీ, తర్వాత ‘ప్ర’. మాట మొదట్లో ఉన్నవే మారతాయి. మాట మధ్యలో ఉన్నవాటిని ఒక్కొక్కటే చూసి, అవునో కాదో మీరే నిర్ణయించాలి.

చుక్కల వలయం ఒకటి అక్కడక్కడా కనిపిస్తుంది, ఆధారం లేని గుణింతం గుర్తు కింద వచ్చేది. అది ఎక్కడుంటే అక్కడ అక్షరాల వరస తప్పిందని అర్థం. దాన్ని ఫైండ్‌లో వెతికితే దొరకదు, ఎందుకంటే అది ఫైలులో లేదు. ఫాంటు తనంతట తాను గీసి చూపిస్తున్నది. కళ్లతో పట్టుకోవలసిందే.

రెండోది పొల్లు. మీరు అనులో ‘హైదరాబాద్‌లో’ అని కొడితే ద్ పొల్లుగా ఉండి లో పక్కన విడిగా నిలబడేది. కన్వర్ట్ చేశాక అది ‘హైదరాబాద్లో’ అవుతుంది, ద కింద ల ఒత్తు వచ్చి చేరుతుంది. తప్పు కన్వర్టర్‌ది కాదు. యూనికోడ్‌లో పొల్లు పక్కన హల్లు వస్తే కలిసిపోవడమే నియమం. కలవకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. వర్డ్‌లో దాన్ని పెట్టే పద్ధతి ఇది. ఒత్తు పడిన అక్షరం మధ్యలోకి కర్సర్ పోదు కాబట్టి ముందు ‘లో’ను బ్యాక్‌స్పేస్‌తో చెరిపేయండి. ‘హైదరాబాద్’ మిగిలాక కీబోర్డును ఇంగ్లీషులోకి మార్చి, రెండు, సున్నా, సున్నా, ఇంగ్లీషు సీ కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమవుతాయి. ఇప్పుడు తెలుగులోకి వచ్చి ‘లో’ కొట్టండి, విడిగా నిలబడుతుంది. ఇంత తతంగం ప్రతిసారీ అక్కర్లేదు. ఒకసారి సరిగ్గా వచ్చిన ‘హైదరాబాద్‌లో’ను కాపీ చేసి రీప్లేస్ గడిలో పేస్ట్ చేస్తే ఫైలంతా ఒక్క దెబ్బకు మారుతుంది. స్కూల్‌లో, బస్‌లో, కలెక్టర్‌గారు, ఇలా మీ నాటికల్లో పదే పదే వచ్చే మాటల జాబితా ఒకటి రాసుకుని ఒక్కొక్కటీ ఇలాగే చేయండి. ఇదే పని మీదే కాస్త పొద్దు పోతుంది.

నాన్నగారి హరికథల్లో అరసున్నలూ బండి ఱలూ ఉండే ఉంటాయి. యూనికోడ్‌లో రెండింటికీ చోటుంది, కన్వర్టర్లు మాత్రం వీటిని తరచూ మింగేస్తాయి. పద్యాల దగ్గర పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. నాటికల మధ్యలో ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషులోనే టైపు చేసి ఉంటే అవి తెలుగు గజిబిజి అయిపోతాయి, ఎందుకంటే కన్వర్టర్‌కి ఏది వేషమో ఏది నిజమో తెలియదు. వాటిని మళ్లీ కొట్టుకోవాలి, వేరే దారి లేదు.

ఇక ఆ ప్రశ్నార్థకాల ముందుమాట. అది మీ నాటికల జబ్బు కాదు, పూర్తిగా వేరే. మీ అక్కగారబ్బాయి ఫోన్‌లో యూనికోడ్‌లోనే టైపు చేశాడు. పాత విండోస్‌లోని నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది. అందులో తెలుగుకు చోటు లేదు. ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం రాసి ఊరుకుంది. సేవ్ చేసేటప్పుడు హెచ్చరిక ఒకటి వస్తుంది, అందరిలాగే మీరూ ఓకే కొట్టి ఉంటారు. ఇప్పుడు ఆ ఫైలులో నిజంగానే ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ లేవు, ఎవరూ తిరిగి తేలేరు. అతను పంపిన ఆ మెసేజ్ అతని ఫోన్‌లో ఇంకా ఉందేమో చూడమనండి, దాన్నుంచి కాపీ చేసుకోండి. 2019 నుంచి విండోస్ 10, 11లలోని నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేస్తోంది కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లో ఈ బెడద లేదు.

ఇది చదువుతున్న మిగతావారికీ ఒక మాట. తెలుగు కనిపించాల్సిన చోట ఏం కనిపిస్తోందన్నదే సగం రోగనిర్ధారణ. వరసగా ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదంతే, నిర్మలా గానీ నోటో గానీ, ఏదో ఒక యూనికోడ్ ఫాంటు పెట్టండి. ఇంగ్లీషు ఏ మీద కొమ్ము, పక్కన చిన్న సున్నా, ఈ జంట పదే పదే వస్తుంటే అది మంచి తెలుగే, తెరిచిన పద్ధతి తప్పు. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైళ్లకు ఇలా ఎక్కువగా అవుతుంది. నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసుకుని యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలైతే అను వంటి పాత ఫాంటు. ప్రశ్నార్థకాలైతేనే బాధపడాలి.

ఇకముందు టైపింగ్. అను కొనసాగించవద్దనే నా సలహా. అనులో రాసింది వాట్సాప్‌లో పంపలేరు, గూగుల్‌లో దొరకదు, పదేళ్ల తర్వాత ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకోండి. విండోస్ కీతో పాటు స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీషు, తెలుగు మారతాయి. రెండు రకాల కీబోర్డులు ఉంటాయి. అమ్మ అని ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ ఒకటి, ఇన్‌స్క్రిప్ట్ ఒకటి. ఇన్నేళ్లు అనులో వేళ్లకు అలవాటైన మీకు ఫొనెటిక్ చికాకు పుట్టిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. డీ కీ మీద పొల్లు ఉంటుంది. ‘స్త్రీ’ అనాలంటే ఎమ్, డీ, ఎల్, డీ, జే, ఆర్. అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. బడిలో పిల్లలకు సంయుక్తాక్షరం విడదీసి చెప్పిన వరసే ఇది, అందుకే తెలుగు టీచర్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. అనులో యాపిల్ అనే కీబోర్డు అమరిక వాడి ఉంటే, అదే అమరికతో యూనికోడ్‌లో పనిచేసే లేఅవుట్లు కూడా ఔత్సాహికులు తయారుచేసినవి ఉన్నాయి. వేళ్లు మారనంటే అటు వెళ్లండి. నోటితో చెప్పి టైపు చేయించడం ఉత్తరాలకు బాగానే ఉంటుంది. హరికథలోని సమాసాల దగ్గర అది చేసే హాస్యం భరించలేరు.

కన్వర్ట్ అయిన 600 పేజీలూ బొమ్మల్లేకుండా టెక్స్టుగా అయితే మూడు నాలుగు ఎంబీకి మించవు. ఫోన్‌లో తీసే ఒక ఫోటో అంత. ఒక ఈమెయిల్‌కి జోడించి మీకు మీరే పంపుకోండి, మీ అబ్బాయికీ ఒక కాపీ పంపండి.

చివరగా డీటీపీ షాపు. వాళ్లకు టైపింగ్ పని లేదు కాబట్టి టైపింగ్ రేటు ఒప్పుకోకండి. పేజీ కట్టడం, ప్రూఫు కాపీలు తీయడం, వీటికే మాట్లాడుకోండి. యూనికోడ్ తీసుకోం అంటే రెండు మాటలు చెప్పండి. పేజ్‌మేకర్‌లోనే చేస్తామంటే యూనికోడ్ నుంచి అనులోకి తిరిగి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. అది వాళ్లే చేసుకోవాలి, మీ దగ్గర మాత్రం యూనికోడ్ ప్రతే అసలుగా ఉండాలి. ఇన్‌డిజైన్‌లో చేస్తామంటే ఇంకా మంచిది. అందులో పెట్టగానే ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంటును తిట్టుకోనక్కర్లేదు, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోమనండి. సీఎస్6 నుంచి అది ఉంది, కానీ చాలా షాపుల్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫాంట్ల కోసం డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు. శీర్షికలకు రామభద్ర, లోపలి మాటకు మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పుస్తకం అచ్చుకు వాడుకోవచ్చు.

పుస్తకం మొత్తం అప్పగించేముందు ఒక్క పేజీ నమూనా అడగండి. మామూలు పేజీ ఇవ్వకండి. చక్రపాణి, స్త్రీ, హైదరాబాద్‌లో, ఒక అరసున్న, ఒక బండి ఱ, మధ్యలో ఒక ఇంగ్లీషు మాట ఉండేలా మీరే ఒక పేజీ తయారుచేసి ఇవ్వండి. కంప్యూటర్ తెర మీద చూసి సరే అనకుండా కాగితం మీద తీయించుకుని చూడండి. ఆ పేజీ తప్పుల్లేకుండా వస్తే మిగతా పేజీలన్నీ ధైర్యంగా ఇచ్చేయవచ్చు.